నేటివ్ లైబ్రరీలు: సర్వర్‌లో వేయాలా, యాప్‌తో పంపాలా, డాకర్‌లో కట్టాలా? ఏది మేలు?

వరంగల్ ఏనుమాముల మార్కెట్‌లో ఒక అడ్తిదారు కోసం తక్‌పట్టీలు (సరుకు అమ్మకం లెక్క చీటీలు) ఇచ్చే వెబ్ యాప్ రాశారనుకుందాం. రైతు పేరు, ఊరు, బస్తాలు, తూకం, ధర, ఖర్చులు పోను చేతికొచ్చేది, ఇదంతా తెలుగులో ఒక బొమ్మగా తయారై రైతు వాట్సాప్‌కు చేరాలి. పైథాన్‌లో బొమ్మలు తయారుచేసే పిల్లో లైబ్రరీతో ఇది పెద్ద పనేం కాదు. ఉబుంటు ల్యాప్‌టాప్‌లో చక్కగా వస్తుంది. సర్వర్‌కు ఎక్కించాక మాత్రం అదే చీటీలో ‘హన్మకొండ’ విరిగిపోతుంది: మకారం వత్తుగా మారి నకారం కిందికి చేరదు, పొల్లు న పక్కన మామూలు మ నిలబడుతుంది. ‘మిర్చి’, ‘క్వింటాళ్లు’ కూడా అంతే. కోడ్ మారలేదు. లాగ్‌లో ఎర్రర్ లేదు.

లోపం ఎక్కడంటే, వత్తులు, గుణింతాలు సరిగ్గా కూర్చే పని హార్ఫ్‌బజ్ అనే సీ++ లైబ్రరీది. ఇలా సీ, సీ++లో రాసి, ఓఎస్‌కు తగ్గట్టు కంపైల్ చేసినవే నేటివ్ లైబ్రరీలు. పిల్లో దాన్ని రాక్మ్ అనే మరో లైబ్రరీ ద్వారా పిలుస్తుంది. ఆ రాక్మ్‌కు ఫ్రిబిడి కావాలి. ఉర్దూ, అరబిక్‌లాగా కుడి నుంచి ఎడమకు సాగే లిపుల కోసం పుట్టిన లైబ్రరీ అది. తెలుగుకు నేరుగా దానితో పని లేకున్నా, అది లేకపోతే గొలుసంతా తెగుతుంది. పిల్లో 8.2 నుంచి పైథాన్ ప్యాకేజీలు వేసే పిప్‌తో వచ్చే వీల్‌లో (ముందే కట్టి ఉంచిన ప్యాకేజీలో) రాక్మ్ ఉంటుంది కానీ, ఫ్రిబిడిని మాత్రం నడిచేటప్పుడు సిస్టమ్‌లో వెతుక్కుంటుంది. దొరకకపోతే నోరెత్తకుండా సాదా పద్ధతికి మారిపోతుంది. ఇంగ్లిష్ చీటీలు అచ్చువేసేవాళ్లకు ఈ తేడా ఎన్నటికీ కనబడదు. రైతు సంతకం పెట్టే కాగితం మీద ఆయన ఊరి పేరు విరిగి రావడం మాత్రం నాకు చిన్న విషయంగా అనిపించదు.

ఇలాంటి లైబ్రరీలను సర్వర్‌కు చేర్చడానికి ప్రధానంగా మూడు దారులున్నాయి.

పాత దారి, సర్వర్‌లోకి లాగిన్ అయి ఆప్ట్‌తో (ఉబుంటు, డెబియన్‌ల ప్యాకేజీ పనిముట్టుతో) వేసుకోవడం. దీని గొప్పతనం భద్రతలో ఉంది. 2023 సెప్టెంబరులో వెబ్‌పీ బొమ్మలను చదివే లిబ్‌వెబ్‌పీ లైబ్రరీలో పెద్ద భద్రతా రంధ్రం బయటపడింది (సీవీఈ-2023-4863). సిస్టమ్ లైబ్రరీని వాడుకునే ప్రోగ్రాములన్నిటికీ ఒక్క అప్‌డేట్, ఒక రీస్టార్ట్ సరిపోయాయి. చిక్కల్లా ఏమేం వేశామో ఎక్కడా రాసి ఉండకపోవడం. ఆ పని చేసిన కుర్రాడు హైదరాబాద్‌లో ఉద్యోగం దొరికి వెళ్లిపోతే, కొత్త సర్వర్ తీసుకున్న రోజు మళ్లీ మొదటి నుంచే. ఓఎస్ మారినప్పుడూ ఇదే బాధ. ఉబుంటు 22.04లో ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 3 వచ్చి పాత 1.1 పోయింది. దాని మీద ఆధారపడి కంపైల్ చేసినవన్నీ ఆగిపోతాయి.

రెండోది, లైబ్రరీని యాప్‌తోపాటే పంపడం. పైథాన్ వీల్స్ చేసేది ఇదే. ఆడిట్‌వీల్ అనే పనిముట్టు కావలసిన ఎస్‌ఓ ఫైళ్లను (లినక్స్‌లో కంపైల్ అయిన లైబ్రరీలను) వీల్‌లోకి కాపీ చేసి, వాటిని అక్కడే వెతుక్కునేలా దారి సరిచేస్తుంది. మెనీలినక్స్2014 అనే గుర్తున్న వీల్ ప్రోగ్రాములకు అడుగున ఉండే సీ లైబ్రరీ జీలిబ్‌సీ 2.17 గానీ అంతకంటే కొత్తది గానీ ఉన్న లినక్స్‌లో నడుస్తుంది. రూట్ అధికారం అక్కర్లేదు. షేర్డ్ హోస్టింగ్ తీసుకున్నవాళ్లకు ఇంచుమించు ఇదొక్కటే దిక్కు.

అయితే ల్యాప్‌టాప్‌లోని వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌ను (యాప్ పైథాన్ ప్యాకేజీలుండే ఫోల్డర్‌ను) మొత్తంగా జిప్ చేసి సర్వర్‌లో విప్పడం మాత్రం వద్దు. విండోస్ లైబ్రరీ ఫైళ్లైన డీఎల్‌ఎల్‌లు లినక్స్‌కు అర్థం కావు. ఉబుంటు 22.04 మీద, అంటే జీలిబ్‌సీ 2.35తో, సొంతంగా కంపైల్ చేసిన ఫైల్‌ను 2.31 ఉన్న 20.04కు తీసుకెళ్తే వెర్షన్ దొరకలేదని ఆగిపోవచ్చు. పాతదాని మీద కట్టి కొత్తదాని మీద నడపవచ్చు, తిరగేస్తే నమ్మకం లేదు.

ఇంకో సంగతి, వీల్‌లో ఉన్నదాన్ని ఆప్ట్ ముట్టుకోదు. లిబ్‌వెబ్‌పీ రంధ్రం అప్పుడు సర్వర్‌ను అప్‌డేట్ చేసి హాయిగా కూర్చున్నా, పిల్లో వీల్ లోపలి కాపీ పాతదే. పిల్లోను 10.0.1కి మారిస్తేనే అది పోయింది. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌తో మాట్లాడే సైకోపీజీ2 బైనరీ ప్యాకేజీ కూడా తన సొంత లిబ్‌పీక్యూ, లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్ మోసుకొస్తుంది. అందుకే ప్రొడక్షన్‌లో సోర్స్ నుంచి కట్టుకోమని దాన్ని చేసినవాళ్లే చెబుతారు.

జావావాళ్లకు ఒక మాట. నేటివ్ లైబ్రరీని లోడ్ చేసే జార్‌ను వార్ ఫైల్ లోపల పెడితే, టామ్‌క్యాట్‌ను ఆపకుండా యాప్‌ను మాత్రం మళ్లీ డిప్లాయ్ చేసినప్పుడు, అది ఇప్పటికే వేరే క్లాస్‌లోడర్‌లో ఉందంటూ మొండికేయవచ్చు. ఆ జార్ టామ్‌క్యాట్ సొంత లిబ్ ఫోల్డర్‌లో ఉండటమే సరి.

మూడోది డాకర్: యాప్‌ను, దానికి కావలసిన లైబ్రరీలన్నిటినీ ఇమేజ్ అనే ఒకే మూటగా కట్టి, కంటైనర్‌గా నడిపే పద్ధతి. నా ఓటు దీనికే, కొన్ని షరతులతో. ఇమేజ్ ఎలా కట్టాలో చెప్పే డాకర్‌ఫైల్‌లో ఆప్ట్ వరుస రాసినప్పుడే ఏమేం కావాలో కాగితం మీద పెట్టినట్టవుతుంది. మనిషి మారినా, సర్వర్ మారినా ఆ వరుస ఉంటుంది. డెబియన్ స్లిమ్ బేస్ (ఇమేజ్‌కు పునాదిగా వాడే చిన్న లినక్స్) తీసుకుని, పైథాన్ ప్యాకేజీలను వీల్స్‌గా వేసి, ఫ్రిబిడిని ఆప్ట్‌తో చేర్చి, తెలుగు ఫాంట్‌ను యాప్ ఫోల్డర్‌లోనే పెట్టండి. మన బమ్మెర పోతన పేరున్న పోతన2000 ఫాంట్ ఉండనే ఉంది.

ఇమేజ్ చిన్నదవుతుందని ఆల్పైన్ లినక్స్ బేస్ జోలికి పోవద్దు. అందులో జీలిబ్‌సీ బదులు మసల్ అనే వేరే సీ లైబ్రరీ ఉంటుంది, మెనీలినక్స్ వీల్స్ అక్కడ పనిచేయవు. మసల్ వీల్ లేని ప్రతి ప్యాకేజీనీ మీరే కంపైల్ చేసుకోవాలి. ఎం-సిరీస్ మ్యాక్ ఉన్నవాళ్లు ప్లాట్‌ఫామ్‌ను ఏఎండీ64 (ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్ల రకం) అని చెప్పి కట్టాలి, లేకపోతే ఇంటెల్ సర్వర్‌లో ఆ ఇమేజ్ మొదలే కాదు.

డాకర్‌కున్న పెద్ద లోపం, కట్టిన రోజున ఉన్న లైబ్రరీలే అందులో ఉండిపోతాయి. హోస్ట్ ఎన్ని అప్‌డేట్లు తీసుకున్నా కంటైనర్ లోపలికి రావు. తాజా బేస్‌తో నెలకోసారైనా మళ్లీ కట్టే ఓపిక లేని జట్టుకు నేను డాకర్ చెప్పను. సర్వర్ ఒకటే, యాప్ ఒకటే, లినక్స్ తెలిసిన మనిషి దగ్గరే ఉన్నాడంటే ఆప్ట్ దారే మేలు, కాకపోతే వేసిన ప్రతి ప్యాకేజీ పేరూ ఒక స్క్రిప్ట్‌లోకి ఎక్కాలి. చీటీని వాట్సాప్‌లో పంపాల్సిన పనే లేదు, అక్కడికక్కడే ప్రింట్ తీస్తే చాలంటే, వెబ్ పేజీగా ఇచ్చి బ్రౌజర్‌కే వదిలేయండి. వత్తులు అదే కూర్చుకుంటుంది, సర్వర్‌కు ఈ గొలుసంతా అక్కర్లేదు.

ఏ దారైనా, డిప్లాయ్‌కు ముందు ఒక పరీక్ష పెట్టండి. పిల్లో ఫీచర్స్ మాడ్యూల్‌లోని చెక్ ఫంక్షన్‌ను రాక్మ్ ఉందా అని అడిగి, లేదంటే బిల్డ్‌ను అక్కడే ఆపేయాలి. డాకర్ అయితే ఈ పరీక్ష ఇమేజ్ లోపలే జరగాలి. ల్యాప్‌టాప్‌లో ఉందని తేలితే సర్వర్‌లో ఉన్నట్టు కాదు.