స్టాటిక్స్ లెక్కల్లో ఏది మేలు: బొమ్మ గీసి తేల్చడమా, సమీకరణాలతో తేల్చడమా?

చెన్నైలో తాంబరం దాటి పోతేరి, గూడువాంచేరి వైపు వెళ్తే హాస్టళ్లలోనూ అద్దె గదుల్లోనూ మన నెల్లూరు, చిత్తూరు, ఒంగోలు పిల్లలు బోలెడు మంది కనిపిస్తారు. ఇంజనీరింగ్ మెకానిక్స్ పరీక్ష, అందులోనూ కదలకుండా నిలిచే వస్తువుల మీది బలాలు లెక్కగట్టే స్టాటిక్స్, దగ్గర పడిందంటే వాళ్లలో రెండు పార్టీలు తయారవుతాయి. ఒక పార్టీది ఇంటర్ ఎంపీసీ అలవాటు. అడ్డం బలాల మొత్తం సున్నా, నిలువు బలాల మొత్తం సున్నా, మూమెంట్ల (బలాల తిప్పే ప్రభావాల) మొత్తం సున్నా అని రాసి, మిగతాది కాలిక్యులేటర్‌కి వదిలేస్తారు. రెండో పార్టీ స్కేలు, పెన్సిలు తీసి ముందు గీతలు గీస్తుంది. "అన్నా, మార్కులకి ఏది మేలు?" అని నన్ను అడిగే జూనియర్లకు నేను ఒకే మాటలో జవాబు చెప్పను. చాప్టర్‌ని బట్టి జవాబు మారుతుంది. నా మొగ్గు మాత్రం బొమ్మ వైపే. ఎందుకో ఒక్కో చాప్టరూ తీసుకుని చెబుతాను.

ఫ్రీ బాడీ డయాగ్రమ్, అంటే వస్తువును విడిగా గీసి దాని మీది బలాలన్నీ బాణాలుగా చూపే బొమ్మ, ఈ పోటీలో లేదు. ఏ దారిలో వెళ్లినా అది గీయాల్సిందే. పోటీ ఆ తర్వాతి పని గురించి.

ముందు ఘర్షణ. ఈ చాప్టర్‌లో పోయే మార్కుల్లో ఎక్కువ భాగం ఒకే ఒక్క లైను దగ్గర పోతాయి: ఎఫ్ ఈక్వల్ టు మ్యూ ఎన్ (ఎఫ్ ఘర్షణ బలం, మ్యూ ఘర్షణ గుణకం, ఎన్ తాకే తలానికి లంబంగా ఉండే తోపు). లెక్కలో ఘర్షణ అన్న మాట కనబడితే చాలు, చెయ్యి దానంతట అదే ఆ లైను రాసేస్తుంది. 200 న్యూటన్ల బరువున్న దిమ్మెని నేల మీద 50 న్యూటన్లతో లాగుతున్నాం, మ్యూ 0.4 అనుకోండి. ఘర్షణ 80 అని రాస్తే తప్పు. దిమ్మె కదలలేదు కాబట్టి ఘర్షణ 50 న్యూటన్లే. 80 అనేది దానికున్న హద్దు. 1781లో ఘర్షణ మీద రాసిన వ్యాసానికి ఫ్రెంచ్ అకాడమీ బహుమతి అందుకున్న కూలుంబ్ పేరు మీద చలామణీ అవుతున్న సూత్రం చెప్పేదీ ఈ హద్దు గురించే. సమీకరణాల దారిలో ఈ తేడాను మనమే గుర్తు పెట్టుకోవాలి. బొమ్మలో అయితే నిలువు గీతకు రెండు పక్కలా ఘర్షణ కోణం (ట్యాన్ విలువ మ్యూ అయ్యే కోణం) గీస్తాం. మొత్తం రియాక్షన్ (ఎన్, ఘర్షణ కలిసిన నేల తోపు) ఆ కోణం లోపల ఎక్కడైనా ఉండొచ్చు, అంచు మీదే ఉండాలని లేదు. హద్దు కాగితం మీదే కళ్ల ముందు ఉంటుంది.

గది మారేటప్పుడు ఇనుప బీరువా జరపడం చూడండి. ఎత్తు 1.8 మీటర్లు, లోతు 0.5 మీటర్లు, ఖాళీ బీరువా, నేలతో మ్యూ 0.4. ఛాతీ ఎత్తులో చెయ్యి పెట్టి నెడితే అది జారదు, ముందుకు ఒరుగుతుంది. బొమ్మలో కారణం రెండే గీతలు. నెట్టే బలం గీత, బరువు గీత ఎక్కడ కలుస్తాయో చూసి, అక్కణ్నుంచి నిలువుకు 21.8 డిగ్రీల కోణంలో కిందికి గీత గీయాలి. అది బీరువా అడుగు లోపల నేలను తాకితే జారుతుంది, ముందు అంచు దాటి పడితే ఒరుగుతుంది. హద్దు ఎత్తు 0.5 బై 0.8, అంటే 62.5 సెంటీమీటర్లు. అంతకంటే కింద చెయ్యి పెట్టి నెట్టాలి. సమీకరణాలతోనూ ఇదే వస్తుంది, కాకపోతే జారడానికి ఒకసారి, ఒరగడానికి ఒకసారి లెక్క చేసి రెండు బలాల్లో ఏది తక్కువో పోల్చాలి. రెండోది మర్చిపోయేవాళ్లే ఎక్కువ.

నిచ్చెన లెక్కలో ఈ తేడా ఇంకా బాగా తెలుస్తుంది. నున్నటి గోడ, నేల దగ్గర మ్యూ 0.4. మూడు సమీకరణాలు రాస్తే రియాక్షన్లు కొట్టుకుపోయి ట్యాన్ తీటా 1.25 దగ్గర తేలుతుంది. నిచ్చెన నేలతో కనీసం 51.3 డిగ్రీలు చేయాలి. సరే, అయిదు నిమిషాల పని. ఇప్పుడు 20 కిలోల ఆ అయిదు మీటర్ల నిచ్చెన మీద 70 కిలోల మనిషి నాలుగు మీటర్ల దాకా ఎక్కాడు. సమీకరణాల పార్టీ మళ్లీ మొదటి లైను నుంచి మొదలుపెడుతుంది. బొమ్మ పార్టీకి మారింది ఒక్కటే, మొత్తం బరువు గీత. అది నిచ్చెన మధ్య నుంచి 3.67 మీటర్ల దగ్గరకు జరిగింది. గోడ తోపు గీతతో అది కలిసే చోటు అడుగు నుంచి దూరమైంది, కాబట్టి నేల రియాక్షన్ మరింత వాలాలి. లెక్క కట్టకముందే జారే ప్రమాదం పెరిగిందని తెలిసిపోతుంది. కట్టి చూస్తే కావలసిన కోణం 61.4 డిగ్రీలు. ఏసీ బిగించే కుర్రాడు పైమెట్టు ఎక్కుతుంటే కింద ఒకడు కాలు అడ్డం పెట్టి నిలబడేది ఇందుకే.

గోడకూ ఘర్షణ ఉంటే? తెలియనివి నాలుగు, సమీకరణాలు మూడు. జారబోయే క్షణం అడిగితే రెండు చోట్లా హద్దు పెట్టి నెట్టుకురావచ్చు. "ఈ కోణంలో నిలుస్తుందా?" అని అడిగితే మాత్రం సమీకరణాలు మొండికేస్తాయి. బొమ్మలో నేల దగ్గర ఒక కోణం, గోడ దగ్గర ఒక కోణం గీసి, అవి రెండూ కలిసిన మేర రంగు పూయండి. బరువు గీత ఆ మేర గుండా వెళ్తే నిచ్చెన నిలవగలదు, లేకపోతే లేదు. అసలు బలాలెంతో తెలియకుండానే తీర్పు వచ్చేసింది. వెడ్జ్ (బరువు కింద దూర్చే ఏటవాలు చీలిక) లెక్కల్లోనూ అంతే. ఎన్, మ్యూ ఎన్ విడివిడిగా రాస్తే సైన్లూ కాస్‌లూ చిక్కుపడతాయి. రెండూ కలిపి ఒకే రియాక్షన్‌గా, ఘర్షణ కోణంలో వాల్చి గీస్తే రెండు త్రిభుజాలు, మూడు బలాలను వాటి మధ్య కోణాల సైన్లతో ముడిపెట్టే లామీ సూత్రం, పని అయిపోతుంది. రెండు ముఖాల మీదా ఘర్షణ కోణం ఒకటే అయితే, వెడ్జ్ కోణం దానికి రెట్టింపు కంటే తక్కువగా ఉన్నంత వరకు నెట్టే బలం తీసేసినా అది వెనక్కి జారదు. ఇదీ గీతల్లోనే కనిపిస్తుంది.

సెంట్రాయిడ్ల (ఆకారాల వైశాల్య కేంద్రాల) దగ్గర పోటీ కాస్త వేరు. ఇక్కడ బొమ్మ అంటే ఆకారాన్ని ముక్కలు చేసి పట్టిక వేయడం, సమీకరణం అంటే ఇంటిగ్రేషన్. టీ సెక్షన్, ఎల్ సెక్షన్, రంధ్రం ఉన్న ప్లేటు లాంటివాటికి ఇంటిగ్రేషన్ ఎత్తుకోవడం వృథా శ్రమ. పైన 200 బై 20, కింద 20 బై 180 మిల్లీమీటర్ల టీ తీసుకోండి. వైశాల్యాలు 4000, 3600. అడుగు నుంచి వాటి కేంద్రాలు 190, 90. గుణించి కూడి 7600తో భాగిస్తే 142.6. రంధ్రం ఉంటే దాని వైశాల్యం మైనస్. సరిచూసుకోవడమూ తేలికే: రంధ్రం కుడివైపు ఉంటే సెంట్రాయిడ్ ఎడమకు జరగాలి. ఉద్యోగంలో చేరాక ఇదీ చేయం, ఛానల్ సెక్షన్ కావాలంటే ఉక్కు సెక్షన్ల కొలతలిచ్చే భారతీయ ప్రమాణం ఐఎస్ 808 పట్టిక తెరుస్తాం.

వంపు అంచులొస్తే ఇంటిగ్రేషన్ తప్పదు, కానీ అక్కడా కంటిని పనిలో పెట్టాలి. నేలను తాకుతూ మొదలై పైకి లేచే పారాబోలా కింది మేరకి నిలువు స్ట్రిప్ తీసుకుంటే ఆ స్ట్రిప్ కేంద్రం దాని ఎత్తులో సగం దగ్గర ఉంటుంది. ఆ సగం మర్చిపోతే వై బార్ (సెంట్రాయిడ్ ఎత్తు) మొత్తం ఎత్తులో మూడు పదోవంతులకు బదులు మూడు అయిదోవంతులు వస్తుంది. బొమ్మ చూడండి: ఆ మేర ఎక్కువ భాగం నేలకు అంటుకుని ఉంది, సెంట్రాయిడ్ సగం ఎత్తు దాటి ఎలా ఉంటుంది? అర్ధవృత్తానికైతే పాపస్ సూత్రం (తిప్పితే వచ్చే ఘనపరిమాణం అంటే వైశాల్యాన్ని సెంట్రాయిడ్ తిరిగిన దూరంతో గుణించడమే) ఉండగా ఇంటిగ్రేషన్ ఎందుకో నాకు అర్థం కాదు. దాన్ని వ్యాసం చుట్టూ తిప్పితే గోళం. గోళం ఘనపరిమాణం బడి రోజుల నుంచీ తెలిసిందే. దాన్ని అర్ధవృత్త వైశాల్యంతోనూ రెండు పైతోనూ భాగిస్తే 4ఆర్ బై 3పై చేతికొస్తుంది.

ఇక పరుచుకున్న భారాలు. ఆరు మీటర్ల బీమ్ మీద లోడ్ ఎడమ కొస దగ్గర మీటరుకు 2 కిలోన్యూటన్లు, కుడి కొసకు 5. ఇంటిగ్రేషన్‌తో చేయొచ్చు. గీసి చూస్తే దీర్ఘచతురస్రం 12, త్రిభుజం 9, మొదటిది 3 మీటర్ల దగ్గర, రెండోది ఎడమ నుంచి 4 మీటర్ల దగ్గర. కుడి రియాక్షన్ 12, ఎడమ రియాక్షన్ 9. నోటి లెక్క.

అయితే బొమ్మ పార్టీ బోర్లా పడేదీ ఇక్కడే. మొత్తం లోడ్‌ని ఒకే బాణంగా మార్చడం రియాక్షన్ల వరకే చెల్లుతుంది. బెండింగ్ మూమెంట్‌కి (బీమ్‌ని వంచే మూమెంట్‌కి) బీమ్‌ని ఊహలో కోయాలంటే, ముందు కోసి, కోసిన ముక్క మీద ఉన్న లోడ్‌ని మాత్రమే బాణంగా మార్చాలి. ఆరు మీటర్ల మీద మీటరుకు 10 కిలోన్యూటన్ల చొప్పున యూడీఎల్ (ఒకే తీరున పరుచుకున్న భారం) ఉంటే మధ్యలో మూమెంట్ 45 కిలోన్యూటన్ మీటర్లు. ముందే 60ని మధ్యలో పెట్టేస్తే 90 వస్తుంది, సరిగ్గా రెట్టింపు.

నీటి ఒత్తిడికీ త్రిభుజమే. చెన్నైకి నీళ్లిచ్చే చెంబరంబాక్కం చెరువు నిండితే 24 అడుగులు, పూండి జలాశయం 35. చెరువు ఎన్ని చదరపు మైళ్లున్నా గోడకు సంబంధం లేదు, లోతే లెక్క. 24 అడుగుల లోతున మీటరు వెడల్పు నిలువు గోడ ఉందనుకుంటే దాని మీద తోపు దాదాపు 26.8 టన్నులు, అడుగు నుంచి 8 అడుగుల ఎత్తున పనిచేస్తుంది. కృష్ణా నీళ్లు వచ్చి చేరే పూండి లోతుకు తోపు 2.1 రెట్లు అయితే, అడుగు దగ్గర మూమెంట్ 3.1 రెట్లు. ఇంటిగ్రేషన్ చేసినా ఇదే వస్తుంది, కానీ మూమెంట్ లోతు ఘనంతో పెరుగుతుందన్న సంగతి త్రిభుజం గీసినవాడికి ముందు తడుతుంది. నాగార్జునసాగర్ క్రస్ట్ గేట్ల లాంటి రేడియల్ గేట్లకైతే బొమ్మకు తిరుగే లేదు. వృత్తాకారపు ముఖం మీద ప్రతి చోటా ఒత్తిడి కేంద్రం వైపే ఉంటుంది. గేటు తిరిగే పిన్ను ఆ కేంద్రంలో ఉంటే నీళ్లు గేటును తిప్పలేవు. రెండు పేజీల ఇంటిగ్రేషన్ చేసి చివరికి సున్నా రాబట్టుకునే అవసరం లేదు.

సమీకరణాల పార్టీ నిర్ద్వంద్వంగా గెలిచే చోటు చుట్టిన తాడు. కాశిమేడు హార్బర్‌లో పడవ తాడును దిమ్మకు రెండు మూడు చుట్లు చుట్టి, కొసను ఒక్క మనిషి పట్టుకుంటాడు. తాడు పొడవునా టెన్షన్ మారుతూ ఉంటుంది కాబట్టి ఒక ఘర్షణ కోణం గీసి తేల్చడం కుదరదు. చిన్న ముక్క తీసుకుని ఇంటిగ్రేట్ చేస్తే రెండు కొసల టెన్షన్ల నిష్పత్తి ఈ (e) పవర్ మ్యూ తీటా అని వస్తుంది, తీటా అంటే తాడు చుట్టుకున్న కోణం. మ్యూ 0.25 అయితే ఒక చుట్టుకు 4.8 రెట్లు, రెండుకు 23, మూడుకు 111. కొసను 20 కిలోల బలంతో పట్టుకుంటే అటువైపు రెండు టన్నులకు పైగా ఆగుతుంది. దిమ్మ లావుగా ఉన్నా సన్నగా ఉన్నా తేడా లేదు, ఎంత చుట్టుకుందన్నదే లెక్క. తీటా మాత్రం రేడియన్లలో వేయాలి, మూడు చుట్లంటే 18.85. అలవాటుగా 1080 కొట్టారంటే ఒక్క చేత్తో చెన్నై పోర్టులోని ఓడలన్నిటినీ ఆపేసే జవాబు వస్తుంది.