మాఫియా 2: కార్లు టైముకే వచ్చాయి, పాటలే తొందరపడ్డాయి

మాఫియా 2 గురించి ఎవరు రాసినా కథతో మొదలుపెడతారు. నేను కార్లతో మొదలుపెడతాను. ఈ గేమ్‌లో సగం సేపు మనం చేసేది డ్రైవింగే కదా. ఇంటి దగ్గర బయల్దేరాలి, ఊరవతలికి పోవాలి, దారిలో ఒకణ్ణి ఎక్కించుకోవాలి, పని ముగించాలి (ఏం పనో తెలుసుగా), మళ్లీ బండి నడుపుకుంటూ ఇంటికి రావాలి. మా మేనల్లుడు పక్కన కూర్చుని కాసేపు చూసి, "మావయ్యా, ఇంత స్లోగా పోతోందేంటి, బండి పాడైందా?" అన్నాడు. పాడవలేదురా, అది ముప్పైల నాటి బండి, అలాగే పోతుంది అన్నాను. వాడు ఫోన్ తీసుకుని లేచిపోయాడు. ఈ రివ్యూ వాడి కోసం కాదు.

2010లో వచ్చిన గేమ్ ఇది. చేసింది చెక్ రిపబ్లిక్ వాళ్లు, 2కె చెక్ అనే స్టూడియో. 2020 మే నెలలో డెఫినిటివ్ ఎడిషన్ అని బొమ్మకు మెరుగులు దిద్ది మళ్లీ వదిలారు. ఊరి పేరు ఎంపైర్ బే. కల్పిత నగరమే గానీ న్యూయార్క్ పోలికలు బాగా కనిపిస్తాయి. మన మనిషి విటో స్కలెట్టా, సిసిలీ నుంచి వలస వచ్చిన కుటుంబంలో కుర్రాడు. రెండో ప్రపంచ యుద్ధం నుంచి ఇంటికొచ్చి, చిన్ననాటి స్నేహితుడు జో వెంట పడి దొంగతనాల్లోకి, అక్కణ్ణుంచి మాఫియాలోకి దిగుతాడు. కథ ఇంతకన్నా చెప్పను. ఇలాంటివి చూడనివాళ్లు తక్కువ.

నన్ను పట్టుకున్నది వేరే. మాది విజయవాడ. ఆటోనగర్‌లో నాన్నకి షెడ్డు ఉండేది. డాడ్జీ, ఫార్గో లారీలు నాకు ఊహ తెలిసేసరికే రోడ్డు మీద తగ్గిపోయాయి గానీ వాటి సామాన్లు షెడ్డు వెనకాల ఇంకా పడుండేవి. అంబాసిడర్ల సంగతి చెప్పక్కర్లేదు. అందుకని ఏ గేమ్‌లో కారెక్కినా నేను ముందు చూసేది స్పీడు కాదు. మలుపులో బాడీ ఎటు వాలుతోంది, బ్రేకు తొక్కితే ముక్కు ఎంత కిందికి వంగుతోంది, గుంటలో దిగి లేచాక కమాను కట్టలు ఎన్ని ఊపులు ఊగి ఆగుతున్నాయి, ఇవి చూస్తాను. ఈ గేమ్‌లో ఇవన్నీ ఉన్నాయి. సెట్టింగ్స్‌లో డ్రైవింగ్‌ని 'సిమ్యులేషన్'కి మార్చుకుంటే ఇంకా ఉన్నాయి.

మొదట్లో కాలం 1945 ఫిబ్రవరి. ఊరంతా మంచు. షూబర్ట్ 38 లాంటి పాత బండి ఎక్కి యాక్సిలరేటర్ గట్టిగా తొక్కారా, వెనక చక్రాలు అక్కడే తిరుగుతాయి గానీ బండి కదలదు. కదిలాక ఆగదు. మలుపు రాకముందే కాలు తీసి, స్టీరింగ్ కొంచెం కొంచెంగా తిప్పుకుంటూ పోవాలి. ఎర్ర లైటు పడిందని చివరి క్షణంలో బ్రేకు వేస్తే ముందున్న బండి డిక్కీలోకి పోతారు. స్పీడు పరిమితి దాటితే పోలీసు వెనక పడతాడు, ఆగి ఫైన్ కట్టాలి. పెట్రోలు అయిపోతుంది, బంకుకి పోవాలి. బండికి దుమ్ము పడితే కడిగించుకోవచ్చు. ఇంజను మొరాయిస్తే దిగి బానెట్ ఎత్తి ఏదో చేసి మళ్లీ కదిలేలా చేసుకోవచ్చు. ఆ రిపేరు మాత్రం ఉత్త నటన, పానా కూడా పట్టుకోడు.

రోడ్డు మీద కనిపించే కార్లన్నీ ముప్పైల, నలభైల మొదట్లోవి. గుండ్రటి మడ్‌గార్డులు విడిగా, హెడ్‌లైట్లు విడిగా, పక్కన ఫుట్‌బోర్డు. డబ్బులు మిగుల్చుకోవడానికి పాత మోడళ్లు పెట్టారేమో అనుకునేవాళ్లుంటారు. కాదు. అమెరికాలో 1942 ఫిబ్రవరిలో జనానికి అమ్మే కార్ల తయారీ ఆపేశారు. ఫ్యాక్టరీలన్నీ ట్యాంకులకీ విమానాలకీ మళ్లాయి. కాబట్టి 1945 మొదట్లో అక్కడి వీధిలో తిరిగే కొత్త కారంటే కనీసం మూడేళ్ల నాటిది. ఆ అలసట గేమ్‌లో కనిపిస్తుంది. కార్లకి అసలు కంపెనీల పేర్లు లేవు, అన్నీ మార్చిన పేర్లే. అయినా ముఖం చూస్తే ఏ బండికి చుట్టమో కార్ల పిచ్చి ఉన్నవాళ్లు చెప్పేస్తారు.

ఇంకో సంగతి నాకు చాలా నచ్చింది. విటో జైలుకి పోయేది హత్యకి కాదు, పెట్రోలు కూపన్లకి. యుద్ధ కాలంలో అక్కడ పెట్రోలుకి రేషన్ ఉండేది. దేశమంతటా 1942 డిసెంబరులో పెట్టి 1945 ఆగస్టులో తీశారు. దానికి అసలు కారణం పెట్రోలు కొరత కన్నా టైర్ల కొరత. రబ్బరు పండే మలయా వైపంతా జపాన్ చేతిలోకి పోయింది, అందుకని జనం బండ్లు తక్కువ తిప్పితే టైర్లు తక్కువ అరుగుతాయని లెక్క వేశారు. గంటకి 35 మైళ్లు దాటకూడదని కూడా రూలు పెట్టారు. గేమ్‌లో మనం ఆ కూపన్లు ప్రభుత్వ ఆఫీసు నుంచి కొట్టేసి, అర్ధరాత్రి గడువు దాటేలోగా ఊళ్లో బంకులన్నీ తిరిగి అమ్ముకోవాలి. మంచులో, ఆ జారే బండితో, గడియారం చూసుకుంటూ. టెన్షన్ అంటే అదీ. తుపాకీ ఒక్కసారి కూడా బయటికి తీయని ఆ డ్రైవింగే నా లెక్కలో ఈ గేమ్‌లో మొదటి మంచి ఘట్టం.

రెండోది జైలు నుంచి బయటికి రావడం. పదేళ్ల శిక్షలో ఆరేళ్లు గడిచి, 1951 వసంతంలో విడుదల. మంచు లేదు, ఎండ. రోడ్డు మీద కార్లు చూడండి. విడి మడ్‌గార్డులు పోయి అన్నీ బాడీలో కలిసిపోయాయి, ఫుట్‌బోర్డులు లేవు, ఎక్కడ చూసినా క్రోము, లేత నీలం, లేత ఆకుపచ్చ, రెండు రంగుల పెయింటు. రేడియో పెడితే అక్కడా వేరే లోకం. అంతకుముందు యుద్ధ వార్తలు, పెద్ద బ్యాండ్ల జాజ్, ముగ్గురు ఆండ్రూస్ అక్కచెల్లెళ్లు కలిసి పాడే సైనికుడి పాట. ఇప్పుడు ఎలక్ట్రిక్ గిటారు. ఆరేళ్లలో ఏం జరిగిందో ఎవరూ మనకి కూర్చోబెట్టి చెప్పరు. కారెక్కితే చాలు, మనం ఎంత వెనకబడిపోయామో తెలిసిపోతుంది. జైల్లోంచి వచ్చినవాడికి ఎలా ఉంటుందో అలాగే ఉంటుంది మనకీ.

ఇక్కడే నాకు పాటల మీద పేచీ. కార్ల విషయంలో అంత నియమంగా ఉన్నవాళ్లు పాటల దగ్గరికొచ్చేసరికి క్యాలెండర్ పక్కన పడేశారు. గేమ్ మొదట్లో విటో మంచులో ఇంటికొస్తుంటే డీన్ మార్టిన్ గొంతులో 'లెట్ ఇట్ స్నో' మోగుతుంది. సీను అద్భుతం, ఒప్పుకుంటాను. కానీ అది 1945 ఫిబ్రవరి. ఆ పాట రాసిందే ఆ ఏడాది జూలైలో, అదీ హాలీవుడ్ ఎండలకి తట్టుకోలేక. డీన్ మార్టిన్ రికార్డు చేసింది 1959లో. ఇక 1951లోకి వచ్చాక అడ్డే లేదు. ది కార్డెట్స్ పాడిన 'మిస్టర్ శాండ్‌మన్' 1954ది, లిటిల్ రిచర్డ్ 'లాంగ్ టాల్ శాలీ' 1956ది. రిచీ వాలెన్స్ పాట కూడా రేడియోలో వస్తుంది. విటో జైలు నుంచి వచ్చిన ఆ ఏప్రిల్ నాటికి రిచీ వాలెన్స్‌కి పదేళ్లు కూడా నిండలేదు! బడికి పోవాల్సిన పిల్లాడు ఎంపైర్ బే రేడియోలో రాక్ అండ్ రోల్ పాడుతున్నాడు.

ఎందుకిలా చేశారో ఊహించడం కష్టం కాదు. జనం మనసులో 'యాభైలు' అంటే ఒకే ముద్ద. జుట్టుకి నూనె రాసి దువ్విన కుర్రాళ్లు, గిటారు, రెక్కల కార్లు. నిజానికి ఆ దశాబ్దం మొదటి సగానికీ రెండో సగానికీ చాలా తేడా ఉంది. 1951 పాటే కావాలంటే, కారు మీద పాట సహా, చరిత్రలో దొరుకుతుంది. ఆ ఏడాది మార్చిలో మెంఫిస్‌లో శామ్ ఫిలిప్స్ స్టూడియోలో రికార్డయిన 'రాకెట్ 88' ఓల్డ్స్‌మొబైల్ కారు గురించి పాడుకున్న పాట. మొదటి రాక్ అండ్ రోల్ రికార్డు అదేనని వాదించేవాళ్లూ ఉన్నారు. కార్లూ పాటలూ ముఖ్యమైన గేమ్‌కి దానికన్నా సరైన పాట ఏముంటుంది?

అయితే ఒక సీన్ కోసం నేను ఈ తప్పు తేదీలన్నీ క్షమించేశాను. ముగ్గురు స్నేహితులు తాగి ఉంటారు, విటో ఒక్కడే స్టీరింగ్ పట్టుకునే స్థితిలో ఉన్నాడు, కారులో ఏదో కంపు. ఆ కంపు దేనిదో డిక్కీ తెరిచేదాకా చెప్పరు. తర్వాత దాన్ని వదిలించుకోవడానికి రాత్రివేళ పోతుంటే రేడియోలో డీన్ మార్టిన్ ప్రేమపాట, మిగతా ఇద్దరూ గొంతు కలిపి రాగం తప్పి పాడుతుంటారు. ఆ పాట 1958ది. అయితే ఏం? వెనక డిక్కీలో ఉన్నదానికీ, ముందు సీట్లో ఆ పాటకీ మధ్య ఉన్న నాలుగడుగుల దూరమే ఈ గేమ్ మొత్తం. తేదీ సరిచూసి ఇంకో పాట పెట్టి ఉంటే ఇంత బాగుండేదని నేను అనుకోను. నా పేచీ రేడియో మీదే. ఊరికే తిరిగేటప్పుడు వరసగా వచ్చే పాటల్లో కొంచెం ఒళ్లు దగ్గర పెట్టుకుని ఉండాల్సింది.

ఎంపైర్ సెంట్రల్, ఎంపైర్ క్లాసిక్, డెల్టా అని మూడు స్టేషన్లు ఉన్నాయి. నా ఓటు డెల్టాకి. మడ్డీ వాటర్స్ లాంటి బ్లూస్ గాయకులు అక్కడ దొరుకుతారు. రాత్రి వాన పడుతుంటే పోర్టు రోడ్డు మీద ఆ స్టేషన్ పెట్టుకుని నిదానంగా పోండి, మిషన్ సంగతి తర్వాత చూసుకోవచ్చు. పాటలు లేని చోట వినపడే నేపథ్య సంగీతం కూడా బాగుంది, ఆర్కెస్ట్రాతో వాయించినది.

మళ్లీ కార్లకొస్తే, 1951లో నా బండి హ్యూస్టన్ వాస్ప్. పేరు మార్చినా దాచలేనంత స్పష్టంగా అది హడ్సన్ హార్నెట్. హార్నెట్ అన్నా వాస్ప్ అన్నా కందిరీగే, ఒక కందిరీగని ఇంకో కందిరీగ చేశారంతే, పైగా వాస్ప్ పేరుతో హడ్సన్ వాళ్లకే ఇంకో మోడల్ ఉండేది. ఆ హార్నెట్ ప్రత్యేకత ఏమిటంటే, సీట్ల కింద నేలని ఛాసిస్ పట్టీల మీద కాకుండా వాటి మధ్యకి దించి కట్టారు. కారెక్కాలంటే లోపలికి దిగాలన్నమాట. బరువు కిందికి పోయి మలుపుల్లో నిలకడ వచ్చింది. ఎనిమిది సిలిండర్ల బండ్ల మధ్య అయిదు లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజనుతో పోటీకి దిగి, 1952లో నాస్కార్ (అమెరికాలో పేరున్న కార్ల పందేలు) రేసులు 34 జరిగితే 27 హడ్సన్‌లే గెలిచాయి. గేమ్‌లో కూడా పెద్ద బండి అయినా మలుపులో రోడ్డుని వదలదు. నాన్న ఒకరోజు గదిలోకి వచ్చి, తెర వైపు చూడకుండానే "ఆరు సిలిండర్లదా?" అన్నారు. అవును నాన్నా అన్నాను. "మరి క్లచ్ ఏదిరా, గేరు మారినప్పుడు నువ్వేం చెయ్యట్లేదే?" అని నవ్వి వెళ్లిపోయారు. ఆ మాట నిజమే. గేర్లు వాటంతటవే మారిపోతాయి. స్టీరింగ్ పక్కన గేరు రాడ్డు కనపడుతూనే ఉంటుంది, దానికి మనతో పని లేదు. అంత సిమ్యులేషన్ అన్నవాళ్లు ఆ ఒక్క ముచ్చటా తీర్చి ఉంటే బాగుండేది.

తుక్కు కొట్టు మీద మాత్రం నాకు కోపం. మైక్ బ్రుస్కీ యార్డులో దొంగ బండి పెట్టి ప్రెస్‌లో నొక్కేస్తే 400 డాలర్లు ఇస్తాడు. డబ్బు సంపాదనకి సులువైన దారి. అద్దాలు పగిలి, రేకు మడతలు పడి, బండి పెట్టెలా అయిపోవడం అంత వివరంగా చూపించారు. షెడ్డులో పెరిగినవాడికి అది చూడబుద్ధి కాదు. నేను చార్లీ గ్యారేజీకి పోయి రంగు వేయించి, నంబరు ప్లేటు మార్పించి అట్టే పెట్టుకునేవాణ్ణి. కావలసిన ప్లేటు మనమే రాయించుకోవచ్చు.

లోపాల్లో పెద్దది, ఇంత అందమైన ఊరు కట్టి అందులో చేయడానికి పని పెట్టకపోవడం. మిషన్ అయిపోతే బట్టలు కొనుక్కోవడం, తినడం, దుకాణాలు దోచుకోవడం, అంతే. పదిహేను చాప్టర్లు ముగిశాక ఊళ్లో తిరిగే విడి మోడ్ కూడా మెయిన్ గేమ్‌లో లేదు. కాల్పులు మామూలుగా ఉంటాయి. ముగింపు చాలామందికి అసంతృప్తి. నాకు నచ్చింది, అది కూడా కారులోనే జరుగుతుంది కాబట్టి కావచ్చు.

కొనాలా అంటే, ఆఫర్‌లో దొరికితే తప్పకుండా కొనండి. 2002 నాటి మొదటి మాఫియా కూడా ఆడదామనుకునేవాళ్లకి ఒక హెచ్చరిక. ముప్పైల చికాగో వాసన ఉన్న ఆ గేమ్‌లో జాజ్ వాయించే జాంగో రైన్‌హార్ట్ గిటారు లాంటి లైసెన్సు పాటలు (హక్కులు కొని వాడుకున్నవి) ఉండేవి. 2017లో గాగ్ (GOG) అనే ఆన్‌లైన్ గేమ్‌ల దుకాణంలోకి తిరిగి వచ్చినప్పుడు ఆ పాటలు తీసేసి పెట్టారు. పాటలతో సహా కావాలంటే పాత డిస్కు ఉన్నవాళ్లని పట్టుకోవాల్సిందే. మాఫియా 2 మొదలుపెట్టాక, మంచు చాప్టర్లు గడిచేదాకా సిమ్యులేషన్ మోడ్‌లో కష్టంగా ఉంటే నార్మల్‌లో ఉంచుకోండి. జైలు నుంచి బయటికొచ్చాక మార్చుకుంటే వాస్ప్ నడపడం సుఖంగా ఉంటుంది.