4 ఓమ్‌ల స్పీకర్లకు రిసీవర్ కొంటున్నారా? బిల్లు కట్టే ముందు ఇది చదవండి

హోమ్ థియేటర్ స్పీకర్లను తామే ఎంచుకుని, వాటికి తగిన ఏవీ రిసీవర్‌ను (సినిమా ధ్వనిని అందుకుని అన్ని స్పీకర్లనూ నడిపే ఆంప్లిఫయర్ పెట్టెను) మాత్రం దుకాణదారు మాట మీద తీసుకోబోతున్నవారి కోసం ఈ హెచ్చరిక రాస్తున్నాను. గత దీపావళికి ముందు హైదరాబాదులోని ఒక దుకాణంలో రెండు టవర్ స్పీకర్లు, సెంటర్, సరౌండ్ స్పీకర్లు, సబ్‌వూఫర్, వాటికి చక్కగా సరిపోతుందని వారే చూపించిన రిసీవర్, అన్నీ కలిపి లక్షా డెబ్బై వేల రూపాయలకు కొన్నాను. మూడు నెలలు తిరగకుండానే ఒక టవర్‌లోని ట్వీటర్ (సన్నని ధ్వనులను పలికించే చిన్న స్పీకర్) కాలిపోయింది. కాలిన ట్వీటర్‌కు వారంటీ వర్తించదన్నారు.

టవర్ స్పీకర్ల వెనుక 4 ఓమ్‌లు అని ఉంది (కరెంటును స్పీకర్ ఎంత అడ్డుకుంటుందో చెప్పే కొలత ఇది). రిసీవర్ వెనుక, తీగలు బిగించే చోట, 6 నుంచి 16 ఓమ్‌లు అని అచ్చు వేసి ఉంది. ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూడాలని దుకాణంలో ఎవరూ చెప్పలేదు, నాకూ అప్పటికి తెలియదు. ఒకే వోల్టేజీ దగ్గర 8 ఓమ్‌ల స్పీకర్ కంటే 4 ఓమ్‌ల స్పీకర్ రెట్టింపు కరెంటును లాగుతుంది. పైగా ఆ 4 అనేది స్థిరమైన విలువ కాదు; ఫ్రీక్వెన్సీని బట్టి మారుతూ కొన్నిచోట్ల ఇంకా కిందికి దిగుతుంది. అందుకే సినిమాలో పేలుళ్ల సన్నివేశం రాగానే మా రిసీవర్ తనను తాను కాపాడుకునే ప్రొటెక్షన్‌లోకి వెళ్లి ఆగిపోయేది.

దుకాణానికి ఫోన్ చేస్తే, రిసీవర్ మెనూలో ఇంపిడెన్స్‌ను, అంటే స్పీకర్ ఓమ్‌ల సెట్టింగ్‌ను, 8 నుంచి 6కు మార్చుకోమన్నారు. మార్చాక ఆగిపోవడం తగ్గింది కానీ శబ్దంలో బలం పోయింది. ఇలాంటి సెట్టింగ్ చాలా రిసీవర్లలో లోపలి వోల్టేజీని తగ్గించి వేడిని అదుపు చేస్తుందే తప్ప ఆంప్లిఫయర్‌కు కొత్త శక్తినివ్వదని నాకు సర్వీస్ సెంటర్‌లో తెలిసింది. పోయిన బలాన్ని వాల్యూమ్ పెంచి రాబట్టబోయాను. ఆంప్లిఫయర్ తన హద్దు దాటినప్పుడు తరంగపు కొనలు తెగిపోయి, మూలధ్వనిలో లేని పై ఫ్రీక్వెన్సీలు పుడతాయి. ఆ భారమంతా సున్నితమైన ట్వీటర్ చుట్ట మీద పడుతుంది. ‘తక్కువ వాట్ల ఆంప్లిఫయర్ అయితే స్పీకర్లకు ప్రమాదం ఉండదు’ అన్న దుకాణదారు భరోసాను నమ్మకండి, నా ట్వీటర్ కాలింది సరిగ్గా అలాంటి ఆంప్లిఫయర్‌తోనే.

ఇక వాట్ల సంగతి. పెట్టె మీద ఒక్కో చానెల్‌కు (అంటే ఒక్కో స్పీకర్‌కు) 150 వాట్లని పెద్ద అక్షరాలతో ఉంది. మాన్యువల్ చివరి పేజీ చూస్తే ఆ అంకె 6 ఓమ్‌ల వద్ద, ఒకే చానెల్ నడుస్తూ, 1 కిలోహెర్ట్జ్ దగ్గర, 10 శాతం డిస్టార్షన్‌తో (ధ్వని వక్రీకరణతో) కొలిచినది. 8 ఓమ్‌ల వద్ద, రెండు చానెళ్లు నడుస్తూ, 20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్ వరకు నికరంగా ఇచ్చేది 80 వాట్లే. అమెరికాలో ఇలాంటి అతిశయోక్తులను అరికట్టడానికి 1974లోనే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఒక నియమం తెచ్చింది. మన బజారులో ఇప్పటికీ పీఎంపీఓ (క్షణకాలపు గరిష్ఠ పవర్ పేరిట వేసే) అంకెలు చూపి అమ్ముతున్నారంటే బాధ కలుగుతుంది.

ఇచ్చిన పవర్‌కు స్పీకర్ ఎంత బిగ్గరగా మోగుతుందో చెప్పే సెన్సిటివిటీ విషయంలోనూ నేను మోసపోయాను. ‘89 డెసిబెల్స్ స్పీకర్లు, చిన్న ఆంప్లిఫయర్ చాలు’ అన్నారు. ఆ కొలత 2.83 వోల్టుల వద్ద తీసినది. 8 ఓమ్‌ల స్పీకర్‌కు అది ఒక వాటు, 4 ఓమ్‌ల స్పీకర్‌కు రెండు వాట్లు. కనుక ఒక వాటు లెక్కన నావి 86 డెసిబెల్స్ స్పీకర్లే. మూడు డెసిబెల్స్ తేడాను పూడ్చాలంటే రెట్టింపు పవర్ కావాలి.

సర్వీస్ సెంటర్‌లోని పెద్దాయన సలహా మీద టవర్లను మెనూలో ‘స్మాల్’గా మార్చి, 80 హెర్ట్జ్ కింది ధ్వనిని సబ్‌వూఫర్‌కు పంపాను. రిసీవర్‌పై భారం కొంత తగ్గింది. ముందువైపు టవర్ స్పీకర్లకు విడిగా 4 ఓమ్‌లను మోయగల పవర్ ఆంప్లిఫయర్ పెట్టుకుందామంటే, మా రిసీవర్‌కు ప్రీ-అవుట్ సాకెట్లే (బయటి ఆంప్లిఫయర్‌కు సిగ్నల్ పంపేవి) లేవు. కొనబోయే రిసీవర్‌కు అవి ఉన్నాయో లేదో వెనక్కి తిప్పి చూడండి. స్పీకర్ల ఓమ్‌లకు ఈ రిసీవర్ సరిపోతుందన్న మాటను, మోడల్ నంబర్లతో సహా, బిల్లు మీదే రాయించుకోండి. నా బిల్లు మీద ధర తప్ప ఏమీ లేకపోవడంతో దుకాణదారు ఆ మాట తాను అననే లేదంటున్నారు. ఇప్పటికే ఇలాంటి జత ఇంట్లో ఉన్నవారు ఈ రోజే రిసీవర్ వెనుక అచ్చు వేసిన ఓమ్‌ల అంకెను చూసుకుని, అంతవరకు వాల్యూమ్ తగ్గించి ఉంచండి.