ఘాట్ రోడ్డు మీద టర్బో కారుకు ఆయిల్ క్యాచ్ క్యాన్: చాలాకాలం వాడాక రాస్తున్న సమీక్ష

ఆయిల్ క్యాచ్ క్యాన్ పెట్టించినంత మాత్రాన కారు వేగం పెరగదు, మైలేజీ కూడా పెరగదు. అమ్మేవాళ్లు ఏం చెప్పినా, ఆ ఆశతో కొనేవారు ఆ డబ్బుతో మంచి టైర్లు వేయించుకోవడం మేలు. దాని పని వేరు: ఇంజిను లోపలి నుంచి వాయువుతో వచ్చే ఆయిల్ తుంపర మళ్లీ ఇంజిను గాలి పీల్చే దారిలోకి చేరకముందే పట్టి ఉంచే చిన్న డబ్బా అది. ఆ పని ఎవరి బండికి అవసరమో, ఎవరి బండికి దండగో తేల్చేది వాళ్లు నడిపే దారే.

మాది ఒడిశాలోని కోరాపుట్ జిల్లా జయపురం. ఆసుపత్రికైనా, పెళ్లి బట్టలకైనా విశాఖపట్నం వెళ్లక తప్పదు కనుక, పాత 43వ నంబరు, ఇప్పటి 26వ నంబరు జాతీయ రహదారి మీద పొట్టంగి, సుంకి ఘాట్ దిగి సాలూరు చేరడం, తిరిగి అదే ఘాట్ ఎక్కి సుమారు 870 మీటర్ల ఎత్తున ఉన్న కోరాపుట్ మీదుగా ఇంటికి రావడం మాకు మామూలే. ఎక్కేటప్పుడు లారీల వెనక రెండో గేరులో నెమ్మదిగా సాగుతూ, దారి దొరకగానే బూస్టు మీద, అంటే టర్బో అదనంగా నెట్టే గాలి ఒత్తిడి మీద, ఒక్క ఊపున దాటాలి. నాది 1.5 లీటర్ల టర్బో జీడీఐ (పెట్రోలును నేరుగా సిలిండర్‌లోకి చిమ్మే) ఇంజినున్న హ్యుందాయ్ వెర్నా. 160 పీఎస్ శక్తి, 253 న్యూటన్ మీటర్ల టార్కు ఇస్తుంది.

ఏ ఇంజినులోనైనా మండిన వాయువు కొంత పిస్టన్ రింగులను తప్పించుకుని కిందికి, ఇంజిను అడుగు భాగమైన క్రాంక్‌కేసులోకి దిగుతుంది. బ్లో-బై అనే ఈ వాయువు ఆయిల్ తుంపరను, నీటి ఆవిరిని, కాలని పెట్రోలును మోసుకుని పీసీవీ వాల్వు (క్రాంక్‌కేసు వాయువును బయటికి పంపే వాల్వు) ద్వారా మళ్లీ ఇన్‌టేక్‌లోకే, అంటే ఇంజిను గాలి పీల్చే దారిలోకే చేరుతుంది. పాత పద్ధతి ఇంజిన్లలో పెట్రోలు ఇన్‌టేక్ వాల్వుల వెనక భాగం మీదే పడి వాటిని కడిగేది. జీడీఐలో ఇంజెక్టర్ నేరుగా సిలిండర్‌లోకి చిమ్ముతుంది గనుక ఆ కడుగుడు లేదు. వాల్వు మీదికి చేరిన ఆయిల్ అక్కడే మాడి మసిగా గట్టిపడుతుంది. మండే గాలిలో ఆయిల్ ఎక్కువైతే నాకింగ్ (ఇంధనం అదుపు తప్పి మండి టకటకలాడడం) త్వరగా మొదలవుతుంది, దాన్ని ఆపడానికి ఇంజిను కంప్యూటరైన ఈసీయూ ఇగ్నిషన్ టైమింగును, అంటే నిప్పురవ్వ పడే వేళను, వెనక్కి జరుపుతుంది, ఎక్కుడులో బండి బరువెక్కినట్టు అనిపిస్తుంది.

చాలామంది పట్టించుకోని విషయం ఒకటుంది. టర్బో బండిలో ఈ వాయువుకు రెండు దారులు ఉంటాయి. సాఫీ రోడ్డు మీద, యాక్సిలరేటర్ తక్కువగా ఉన్నప్పుడు సిలిండర్లకు గాలి పంచే మానిఫోల్డులో వాక్యూమ్ ఉంటుంది కాబట్టి వాయువు పీసీవీ దారిన పోతుంది. బూస్టు రాగానే మానిఫోల్డులో ఒత్తిడి పెరిగి ఆ దారి మూసుకుపోతుంది; అప్పుడు వాయువంతా బ్రీదర్ పైపు గుండా టర్బో ముందరి గొట్టంలోకి వెళ్లి, టర్బోలో గాలిని నొక్కే కంప్రెసర్‌ను, ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌ను తడుపుతుంది. అందువల్ల ఒక్క పీసీవీ వైపే క్యాన్ పెట్టించుకుని సుంకి ఘాట్ ఎక్కేవారికి, బ్లో-బై అన్నిటికంటే ఎక్కువగా ఉండే వేళకే క్యాన్ ఊరికే కూర్చుంటుంది. నా బండికి రెండు వైపులా పెట్టించాను. బ్రీదర్ వైపు క్యాన్ నిండేది దాదాపుగా విశాఖ ప్రయాణాల్లోనే. నవరంగపూర్ వైపు సమతల రోడ్డు మీద తిరిగిన నెలల్లో దాని అడుగు తడిసిందంటే గొప్ప.

క్యాన్ మెరుపు చూసి కొనకూడదు. జయపురంలోనే ఒక మిత్రుడి చవక క్యాన్ విప్పితే లోపల బఫిల్ (అడ్డుపలక) లేదు, మెష్ (జాలీ) లేదు, ఉత్త ఖాళీ డబ్బా. ఆయిల్ తుంపర ఎక్కడో ఒకచోట తగిలి, చల్లబడి, బొట్టుగా మారితేనే అడుక్కు దిగుతుంది. అందుకే అడ్డుపలకలు, స్టీలు మెష్ తప్పనిసరి. సునాబేడలో క్లాంపు చేసిచ్చిన లేత్ మిషన్ ఆయన కూడా ఈ చల్లబడే సంగతి మీదే పట్టుబట్టాడు: “ఇంజిను మీద వద్దు బాబూ, ఆ వేడికి ఆయిల్ మళ్లీ ఆవిరే అవుద్ది, ముందు పక్క గాలి తగిలే చోట బాడీకి బిగిద్దాం.” హోసుల దగ్గర పొదుపు అసలు పనికిరాదు. మామూలు సిలికాన్ హోసు ఆయిలుకు చెమర్చి, మెత్తబడి, క్లిప్పు దగ్గర జారుతుంది. నైట్రైల్ లేదా ఫ్లోరో రబ్బరు హోసే వేయించాలి. క్లిప్పు వదులై గాలి లోపలికి పీలిస్తే ఐడ్లింగులో ఇంజిను వణుకుతుంది, చెక్ ఇంజిన్ దీపం వెలుగుతుంది.

కోరాపుట్ చలికాలంలో క్యాన్ నుంచి దిగేది ఆయిల్ కాదు, పెట్రోలు వాసన కొట్టే, మజ్జిగలాంటి లేత పసుపు ద్రవం. చల్లని ఇంజినుతో ఊళ్లోనే దగ్గర దగ్గర తిరుగుళ్లు ఎక్కువైతే ఇంకా త్వరగా నిండుతుంది. హెడ్ గాస్కెట్ పోయి కూలెంట్ ఆయిల్‌లో కలుస్తోందేమోనని కంగారు పడేముందు కూలెంట్ మట్టం, డిప్‌స్టిక్ మీది ఆయిల్ చూసుకోవాలి. ఆ రెండూ బాగుంటే అది చల్లబడి నీరై ఆయిల్‌తో కలిసిన ఆవిరి మాత్రమే. ఎండాకాలంలో అదే క్యాన్ నుంచి నల్లని, పలచని ఆయిల్ కొద్దిగా వస్తుంది. దీన్ని తిరిగి ఇంజినులో పోయకూడదు, కాలవలో పారబోయకూడదు; గ్యారేజీలో వాడేసిన ఆయిల్ డ్రమ్ములో కలపడమే సరి.

ఫలితం నాకు స్పష్టంగా కనబడింది ఇంటర్‌కూలర్ పైపు కింది వంపులో. మునుపు అక్కడ వేలు పెడితే ఆయిల్ జారేది, ఇప్పుడు చెమ్మ మాత్రమే తగులుతుంది. అయినా ఏ క్యాన్ కూడా సన్నని తుంపరనంతా పట్టలేదు. మసి పేరుకునే వేగం తగ్గుతుందే గాని ఆగదు, ఇదివరకే పేరుకున్నదానికి వాల్‌నట్ బ్లాస్టింగే (వాల్‌నట్ చిప్పల పొడిని గాలితో కొట్టి మసి రాల్చడమే) గతి.

కొందరు హోసును వెనక్కి కలపకుండా గాలిలోకి వదిలేస్తారు. క్రాంక్‌కేసు వాయువులను బయటకు వదలడం ఉద్గార నియమాలకు విరుద్ధం, పైగా ఆ వాసన ఏసీ గుండా కారులోకే వస్తుంది. వారంటీ ఉన్న బండికి బిగించే ముందు షోరూమువారితో మాట్లాడి, అసలు పైపులను కోయకుండా దాచుకోవడం మంచిది. కొనేటప్పుడు క్యాన్ అడుగున కుళాయి ఉందో లేదో, బానెట్ ఎత్తగానే దానికి చెయ్యి అందుతుందో లేదో చూడండి. కారు కిందికి దూరితే తప్ప ఖాళీ చేయలేని క్యాన్‌ను ఎవరూ వేళకు ఖాళీ చేయరు. నిండిన క్యాన్ పోగైన ఆయిలంతా ఒక్కసారిగా ఇన్‌టేక్‌లోకి వదులుతుంది.