ముప్పై వేలతో బడికి అంతరిక్షం: షార్ ప్రయాణమా, టెలిస్కోపా, ఏంటెనానా?

తిరుపతి శివార్లలోని మా ఉన్నత పాఠశాలకు పూర్వ విద్యార్థులు కొందరు ముప్పై వేల రూపాయలు ఇచ్చి, పిల్లలకు అంతరిక్షం దగ్గరయ్యేలా ఏదైనా చేయమన్నారు. ఏం చేయాలన్నదానిపై ఉపాధ్యాయుల గదిలో వారం రోజులు చర్చ నడిచింది. ఒకరు శ్రీహరికోటలోని రాకెట్ ప్రయోగ కేంద్రం షార్‌కు తీసుకెళ్దామన్నారు, ఇంకొకరు టెలిస్కోపు కొందామన్నారు. ఉపగ్రహ సంకేతాలు పట్టే ఏంటెనా కట్టిద్దామన్నది నా మాట. ఇలాంటి డబ్బే చేతికొచ్చిన మరో బడికి పనికొస్తుందని ఆ లెక్కలన్నీ ఇక్కడ రాస్తున్నాను.

ముందు షార్ సంగతి. 2022లో జిల్లాలు విడిపోయాక సూళ్లూరుపేట, శ్రీహరికోట మన తిరుపతి జిల్లాలోకే వచ్చాయి. 2019లో అక్కడ ప్రజల కోసం గ్యాలరీ తెరిచారు. ముందుగా పేరు నమోదు చేసుకుంటే ఎవరైనా కూర్చుని ప్రయోగం చూడవచ్చు. వెలుగు ముందు కనిపించి, ఉరుము లాంటి శబ్దం కాసేపటికి గుండెకు తగలడం ఏ పుస్తకమూ ఇవ్వలేని అనుభవం. కానీ ప్రయోగం వాయిదా పడితే మాట్లాడుకున్న బస్సు వృథా అవుతుంది. ఒక బస్సులో వెళ్లేది యాభై మంది, మిగిలిన మూడు వందల మంది బడిలోనే ఉంటారు. అయినా శ్రీహరికోట మాకు గీత గీసినట్లు కొలిస్తే తొంభై కిలోమీటర్లు కూడా ఉండదు. మబ్బులేని రాత్రి ప్రయోగం జరిగితే డాబా ఎక్కి తూర్పుకు తిరిగితే చాలు, నారింజ రంగు చుక్క పైకి లేచి పక్కకు వంగడం కనిపిస్తుంది. 2023 జూలై 14 మధ్యాహ్నం 2:35కు చంద్రయాన్-3 ఎగిరినప్పుడు మా పిల్లలందరూ ఆవరణలో నిలబడ్డారు. మబ్బుల సందున తెల్లని పొగచార కొన్ని క్షణాలే కనిపించింది. ఆ కేరింతలు నాకింకా గుర్తున్నాయి. దానికి పైసా ఖర్చు కాలేదు.

టెలిస్కోపు మీద నాకు ప్రేమ ఉంది. ఆరంగుళాల అద్దం ఉన్నది కొంటే శని వలయాలు, గురుడి నాలుగు పెద్ద చందమామలు, చంద్రుడి గుంతలు కళ్లారా చూడవచ్చు. పిల్లలకోడి (కృత్తిక) నక్షత్రాల గుంపులో కంటికి ఆరేడు చుక్కలు కనిపించేచోట పదుల కొద్దీ కనిపిస్తాయి. అయితే ఖరీదు పాతిక వేలకు పైమాటే, అంటే ఉన్న డబ్బంతా దానికే. ఒక్కసారి ఒక్క కన్నే పెట్టగలం. భూమి తిరుగుతుంటుంది కాబట్టి గ్రహం నిమిషంలోపే పక్కకు జారిపోతుంది, మళ్లీ వెతికి పెట్టాలి. నలభై మంది వరుసలో నిలబడితే చివరివారికి నిద్ర ముంచుకొస్తుంది. ఇక అసలు ఇబ్బంది రాత్రి. మా పిల్లల్లో సగం మంది చుట్టుపక్కల పల్లెలవారు, సాయంత్రం బస్సు తప్పితే ఆడపిల్లలు ఇంటికి చేరలేరు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల మబ్బులు. పైగా అద్దం పాడవుతుందన్న భయంతో దాన్ని బీరువాలో పెట్టి తాళం వేస్తారు. నాకు తెలిసిన ఒక బడిలో అలాంటిది ఏళ్ల తరబడి అట్టపెట్టెలోనే ఉంది. పెద్ద టెలిస్కోపు చూపించాలనుకుంటే తమిళనాడు జవ్వాది కొండల్లోని కావలూరులో 2.34 మీటర్ల అద్దమున్న వైను బప్పు టెలిస్కోపు ఉంది. చిత్తూరు బడులకు అది ఒక రోజు ప్రయాణం.

మరి ఏంటెనాకు ఏం కావాలి? రెండు అల్యూమినియం కడ్డీలు, ఒక పీవీసీ పైపు, కొంత కేబులు, కంప్యూటర్‌కు తగిలించే చిన్న రేడియో రిసీవరు. అంతా కలిపి ఆరు వేల లోపే అయింది. సంకేతాన్ని చిత్రంగా మార్చే శాట్‌డంప్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం, లాప్‌టాప్ బడిలో ఉన్నదే. రష్యా వాతావరణ ఉపగ్రహాలు మెటియోర్-ఎం వరుసలోనివి సుమారు 820 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ 137.9 మెగాహెర్ట్జ్ పౌనఃపున్యం దగ్గర చిత్రాలు పంపుతుంటాయి. ఎవరైనా పట్టుకోవచ్చు. ఒక హెచ్చరిక: ఇంటర్నెట్‌లో దొరికే పాత పాఠాలు చాలావరకు అమెరికావారి నోవా-15, 18, 19 ఉపగ్రహాల గురించి చెబుతాయి. 2025లో ఆ మూడింటినీ ఆపేశారు. వాటి కోసం డాబా మీద కూర్చుంటే ఏమీ వినపడదు.

కడ్డీ ఎంత పొడవు కోయాలో పిల్లలే లెక్క కట్టారు. కాంతి వేగానికి గుర్తుగా 300ను తీసుకుని 137.9తో భాగిస్తే తరంగదైర్ఘ్యం సుమారు 2.18 మీటర్లు, అందులో నాలుగో వంతు 54 సెంటీమీటర్లు. కడ్డీ మందం, చివర్ల ప్రభావం వల్ల పొడవు కాస్త తగ్గించాలి కాబట్టి 53 దగ్గర కోసి, రెంటినీ 120 డిగ్రీల కోణంలో బిగించాం. పాఠంలో ఉన్న సూత్రం రంపం కిందికి రావడం నా సర్వీసులో అదే మొదటిసారి.

మొదటి మూడు ప్రయత్నాల్లో ఒట్టి గరగర తప్ప ఏమీ రాలేదు. కేబులు లోపలి తీగ, పైనున్న అల్లిక ఒకదానికొకటి తగులుతున్నాయని తొమ్మిదో తరగతి అమ్మాయి కనిపెట్టింది. నాలుగోసారి తెరమీద ఒక్కొక్క గీతా పేరుకుంటూ హిందూ మహాసముద్రం, శ్రీలంక, బంగాళాఖాతం మీది మబ్బులు వచ్చాయి. హిమాలయాల దగ్గరికి వచ్చేసరికి చిత్రం నల్లచారలుగా తెగిపోయింది. ఎందుకని రెండు రోజులు తల పట్టుకున్నాం. చివరికి కోణమానినికి దారం, రాయి కట్టి కొలిస్తే బడికి ఉత్తరాన శేషాచలం కొండ పదమూడు డిగ్రీల ఎత్తు దాకా ఆకాశాన్ని కప్పేస్తోంది. ఉపగ్రహం ఆ కొండ వెనక్కు దిగిపోతోందన్నమాట! రోజూ చూసే తిరుమల కొండ మా లెక్కలోకి వచ్చింది. టెలిస్కోపైతే పాడవుతుందని పిల్లలను ముట్టుకోనివ్వం. దీన్ని వారే పాడుచేశారు, వారే బాగుచేశారు. నా దృష్టిలో ఏంటెనాయే మేలు అనడానికి అన్నిటికంటే పెద్ద కారణం అదే.

గాదంకిలోని జాతీయ వాతావరణ పరిశోధనా ప్రయోగశాల రాడారులో 1024 యాగీ ఏంటెనాలు (పాత టీవీ ఏంటెనాల్లా వరుస కడ్డీలున్నవి) ఉన్నాయి. తిరుపతి నుంచి ఎంతో దూరం కాదు. రెండు కడ్డీలతో తంటాలు పడినవారికి ఆ సంఖ్య చెబితే కళ్లు పెద్దవయ్యాయి.

సొంత ఉపగ్రహమే చేయిద్దామని ఒక మిత్రుడు అన్నాడు. దేశమంతటి నుంచి 750 మంది బాలికలు చేయి వేసిన ఆజాదీశాట్ అనే చిన్న ఉపగ్రహం 2022 ఆగస్టు 7న ఇస్రో చిన్న రాకెట్ ఎస్‌ఎస్‌ఎల్‌వీ తొలి ప్రయోగంలో తప్పు కక్ష్యలోకి వెళ్లి పనికిరాకుండా పోయింది. 2023 ఫిబ్రవరి 10న దాని రెండో రూపం కక్ష్యకు చేరింది. గొప్ప పనే, కానీ ముప్పై వేలతో ఒక బడి తలకెత్తుకునేది కాదు.

అందుకని మా ఓటు ఏంటెనాకు, ప్రయోగాలను డాబా మీద నుంచి చూడటానికి. మిగిలిన డబ్బులోంచి ఒక మంచి బైనాక్యులరు కొన్నాం, చంద్రుడికి అది చాలు. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం 145.8 మెగాహెర్ట్జ్ మీద మాట్లాడుతుంది. 2025 జూలైలో భారత వ్యోమగామి శుభాంశు శుక్లా అక్కడి నుంచి హామ్ రేడియోలో (ఔత్సాహికులు వాడే రేడియోలో) భారతీయ విద్యార్థులతో సంభాషించారు. కేంద్రం మన నెత్తిన ఉన్నప్పుడు అలాంటి మాటలు వినడానికి మా దగ్గరున్న సామాను సరిపోతుంది. బదులు చెప్పాలంటే మాత్రం లైసెన్సు కావాలి, దానికి పరీక్ష ఉంది, పన్నెండేళ్లు నిండితే రాయవచ్చు. పదో తరగతిలో ఇద్దరు అప్పుడే చదవడం మొదలుపెట్టారు. వారి రుసుముకు, పరీక్షకు వెళ్లివచ్చే ఖర్చుకు నాలుగు వేలు విడిగా తీసిపెట్టాం.