రాబందుల గూళ్లను దూరం నుంచి వీడియో తీసే స్పాటింగ్ స్కోప్: ఏడేళ్లు వాడాక

ఏ కంపెనీది అని అడగకండి. స్పాటింగ్ స్కోప్ అంటే ట్రైపాడ్ మీద పెట్టి ఒంటికంటితో చూసే దుర్భిణి. నాది 80 ఎంఎం అద్దం, 20 నుంచి 60 రెట్ల జూమ్ ఐపీస్ (కన్ను ఆనించే భాగం), వంపు మెడ ఉన్న మధ్యరకం స్కోప్. ఈ ధరలో దొరికేవన్నీ ఇంచుమించు ఇలాగే ఉంటాయి, వాటి జబ్బులూ ఇవే. 2018లో కొన్నాను. స్కోప్, ట్రైపాడ్, ఫోన్‌ని ఐపీస్‌కి బిగించే క్లాంప్, అన్నీ కలిపి అప్పటి నా నెల జీతం దాటింది. ఇంట్లో దాన్ని ఇప్పటికీ "ఆ గొట్టం" అనే అంటారు.

నేను ఫొటోగ్రాఫర్‌ని కాను. కాగజ్‌నగర్ వైపు పశువుల ఆసుపత్రిలో పని. సెలవు దొరికితే అటవీ శాఖ అనుమతి తీసుకుని, వాళ్ల సిబ్బంది వెంట బెజ్జూర్ అడవిలోని పాలరాపు గుట్ట దగ్గరికి వెళ్తాను. పెద్దవాగు ఒడ్డున నిలువునా లేచిన రాతిగోడ అది. పొడుగు ముక్కు రాబందులు అక్కడ గూళ్లు పెడుతున్నాయని 2013లో బయటపడింది. ఈ పేరు పేపర్లలో ఎన్నోసార్లు వచ్చింది కాబట్టి రాస్తున్నాను. మిగతా గూళ్ల చోట్లు అడిగినా చెప్పను.

మంచి కెమెరా కొనొచ్చు కదా అని చాలామంది అన్నారు. 600 ఎంఎం లెన్స్ ధర చూస్తే ఆ మాట ఇంకోసారి అనరు. పైగా మామూలు ఫోన్ కెమెరాని స్కోప్‌లో 40 రెట్ల దగ్గర పెడితే వెయ్యి ఎంఎం లెన్స్‌తో సమానం. గూడు దగ్గరికి పోనక్కర్లేదు. నాకు అన్నిటికంటే అదే ముఖ్యం. రాబందు ఏడాదికి పెట్టేది ఒక్కటే గుడ్డు. పొదిగేది బెదిరి లేచిపోయిందంటే ఆ ఏడాది ఆ గూటికి ఇక పిల్ల లేనట్టే అనుకోవాలి.

ఇక వాడకం సంగతి. పెట్టె మీద 60 రెట్లు అని రాసి ఉంటుంది. నేను ఏడేళ్లలో 40 దాటింది బహుశా పదిసార్లు. 80 అద్దాన్ని 60తో భాగిస్తే కంటికి వచ్చే కాంతి వలయం మిల్లీమీటరున్నర కూడా ఉండదు. కంటితో అయితే సరే అనిపిస్తుంది. ఫోన్‌లో మాత్రం బూడిద పూసినట్టు వస్తుంది, చిన్న గాలికి కూడా బొమ్మ ఊగిపోతుంది. 25 నుంచి 35 మధ్య పెట్టుకుంటే పక్షి కొంచెం చిన్నగా పడుతుంది గానీ ఈకలు ఈకల్లా కనిపిస్తాయి.

ఎండ ఎక్కాక ఏ స్కోపూ పనిచేయదు. ఫిబ్రవరిలో కూడా తొమ్మిదిన్నరకల్లా బండ వేడెక్కి, గాలి కదలడం మొదలవుతుంది. నీళ్లలోంచి చూస్తున్నట్టు రాబందు మెడ వంకర్లు పోతుంది. లక్షల రూపాయల స్కోప్‌లోనూ అంతే, ఒకాయన తెస్తే చూశాను. అందుకే చీకటితో బయల్దేరి, తెల్లారేసరికి వాగు ఇవతలి గట్టు మీద కుదురుకోవాలి. గాలి వేడెక్కితే ఆ పక్షులు కూడా రెక్కలు చాచి పైకి లేచి వెళ్లిపోతాయి. కాబట్టి మన డ్యూటీ, వాటి డ్యూటీ ఒకేసారి మారతాయి.

వంపు మెడ స్కోప్ మంచిదే. గుట్ట పైకి చూడాలంటే మెడ విరగదు, పొట్టివాళ్లూ పొడుగువాళ్లూ ఒకే ఎత్తులో చూడొచ్చు. కానీ గోడ మీద ఫలానా గూడు పట్టుకోవడం మొదట్లో ప్రాణం తీస్తుంది. నాకు రెండు చిట్కాలు పనికొచ్చాయి. గొట్టం మీద ఒక ప్లాస్టిక్ కేబుల్ టై బిగించి, దాని తోక నిలబెట్టి కత్తిరించాను. తుపాకీ గురిలాగా దాని వెంట చూస్తే చాలు. రెండోది, రాతి మీద సున్నం పోసినట్టు తెల్లటి రెట్ట చారలు వెతకడం. ఆ చార మొదలైన చోట అరుగు, అరుగు మీద గూడు.

ట్రైపాడ్‌కి డబ్బు పెట్టండి. నేను మొదట చవకది కొని ఒక సీజన్ పోగొట్టుకున్నాను. ఇప్పుడున్న దానికి కూడా కింద కొక్కేనికి బియ్యం సంచిలో వాగు ఇసుక పోసి వేలాడదీస్తాను. స్కోప్‌లోకి తేమ పోదని రాశారు, నిజమే, వానకి ఏమీ కాలేదు. కానీ మూడో వానాకాలం తర్వాత ఐపీస్ అంచున సాలెగూడులా బూజు పట్టింది. బాగు చేయించడానికి నాలుగు నెలలు పట్టింది. అప్పటి నుంచి సిలికా జెల్ పొట్లాలతో గాలి చొరని డబ్బాలోనే ఉంచుతున్నాను.

అసలు తలనొప్పి క్లాంప్. ఫోన్ మారినప్పుడల్లా అమరదు. రెండు, మూడు లెన్సులున్న ఫోన్ అయితే, బొమ్మ చుట్టూ పడే నల్ల వలయం పోగొడదామని కొంచెం జూమ్ చేయగానే తనంతట తానే వేరే లెన్స్‌కి మారిపోయి తెర నల్లబడుతుంది. మెయిన్ లెన్స్‌ని లాక్ చేసే కెమెరా యాప్ వేసుకుంటే ఆ టెన్షన్ ఉండదు. ఇంకొక పాపం కూడా ఉంది. 2021లో ఒక ఉదయం రాబందు గొంతు కింద సంచి ఉబ్బించుకుని వచ్చి వాలింది, చొక్కా జేబులో బంతి పెట్టుకున్నట్టు. పిల్ల ముక్కుతో పొడుస్తోంది, ఇది మెడ వంచి తిన్నది కక్కబోతోంది. సరిగ్గా అప్పుడే క్లాంప్ దవడ జారి పవర్ బటన్ నొక్కింది. నా దగ్గరున్నది 11 సెకన్లు. కక్కిన ముక్క పిల్ల నోట్లో పడకముందే అయిపోతుంది.

ఆ 11 సెకన్లే నేను ఎక్కువగా వాడాను.

2003లో ఉద్యోగంలో చేరినప్పుడు నా సంచిలో డైక్లోఫెనాక్ ఉండేది. జ్వరమైనా, వాపైనా, కుంటైనా అదే సూది. ఆ సూది పడ్డాక చచ్చిన గొడ్డును తింటే రాబందు మూత్రపిండాలు పాడై చస్తుందని పాకిస్తాన్‌లో జరిగిన పరిశోధనతో 2004లో తేలింది. మన దగ్గర 2006లో పశువులకు నిషేధించారు. 1992 నుంచి 2007 లోపు మన దేశంలో తెల్లవీపు రాబందులు వెయ్యికి ఒకటి మిగిలాయి, పొడుగు ముక్కువి వందకి మూడు. నిషేధం వచ్చినా మనుషుల మందుగా పెద్ద సీసాల్లో దొరికేది, గొడ్లకి అదే పొడిచేవాళ్లు. 2015లో సీసాని 3 ఎంఎల్‌కి కుదించారు. 2023లో అలాంటివే అయిన కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ మందులు కూడా పశువులకు ఆపేశారు. వాటి బదులు వాడే మెలాక్సికామ్‌తో రాబందులకు ప్రమాదం లేదు, ఇప్పుడు నేను అదే వేస్తున్నాను.

ఇదంతా నోటితో చెప్తే ఎవరికి పడుతుంది? ఆసుపత్రికి ఎద్దును తోలుకొచ్చిన ఒక పెద్దాయనకి ఫోన్ చూపించాను. ఫోన్‌ని ముక్కు దాకా తెచ్చుకుని మూడుసార్లు చూశాడు. "మా సిన్నప్పుడు గొడ్డు సచ్చిందంటే మొగులు నిండ వచ్చేటియి. ఏడ బోయినయ్ సారూ?" అన్నాడు. చెప్పాను. కాసేపు ఎద్దు మూపురం నిమురుతూ ఉండి, "గా సూది మా ఎద్దుకు గూడ నువ్వే పొడిచినవ్ గద," అన్నాడు. ఆయన లెక్క తప్పలేదు.

ఒక్క జాగ్రత్త. మొదటి ఏడాది ఒక క్లిప్‌ని స్నేహితుల గ్రూప్‌లో పెట్టాను, లొకేషన్ ఆపకుండా. రెండు వారాల్లో ఎవరో ముక్కూ మొహం తెలియనివాళ్లు డ్రోన్‌తో ఆ గూటి దగ్గర తేలారు. సిబ్బంది వెనక్కి పంపారు గానీ, ఆ గూట్లో ఆ ఏడాది పిల్ల లేదు. డ్రోన్ వల్లేనని రుజువేమీ లేదు, కానీ నాకు నిద్ర పట్టలేదు. ఫోన్ కెమెరా సెట్టింగుల్లో లొకేషన్ ఆపాకే క్లాంప్ బిగించండి.

ఎగిరే పక్షులకి ఈ గొట్టం దండగ. నంద్యాల జిల్లా రోళ్లపాడు గడ్డి మైదానంలో చలికాలం పిల్లిగద్దల కోసం ఒకసారి మోసుకెళ్లాను. గడ్డి మీద తేలుతూ పోయే వాటిని వెతికేలోపు అవి ఇంకో పొలంలో ఉన్నాయి. అక్కడికి బైనాక్యులర్ చాలు. మళ్లీ కొనాల్సి వస్తే ఇలాంటి స్కోపే కొంటాను. క్లాంప్ మాత్రం ఫోన్ వెంట పట్టుకెళ్లి, షాపులోనే బిగించి, తలకిందులు చేసి చూశాకే డబ్బులిస్తాను.

మొన్న మే నెలలో ఆ పెద్దాయనే మళ్లీ వచ్చాడు, ఈసారి ఆవుతో.

"పిల్ల ఎగిరిందా సారూ?"

"ఈ ఏడాది పిల్ల ఎగిరింది కాకా. నా కళ్లముందే ఎగిరింది."

"ఏదీ, సూపియ్యి."

వీడియో లేదన్నాను. రెక్క విప్పడం వరకే పడింది, ఆ తర్వాతంతా రాయి.

"గంత పెద్ద గొట్టం వెట్టుకొని ఏం జేసినవ్ మరి?" అని ఆవు పలుపు నా చేతికిచ్చాడు.