ఆకుపచ్చ చుక్కల భూగోళం: రేడియో గార్డెన్‌తో కొన్నేళ్లు

పాటలు వినిపించే యాప్‌లు చాలావరకు మన అభిరుచిని కనిపెట్టి, దానికి దగ్గరగా ఉన్నవాటినే మళ్లీ మళ్లీ మన ముందు పెడతాయి. ఇళయరాజాను విన్నవాడికి ఇళయరాజా, బాలమురళిని విన్నవాడికి బాలమురళి. రేడియో గార్డెన్ అనే యాప్‌కు మన ఇష్టాయిష్టాలతో పని లేదు. తెరవగానే ఉపగ్రహ చిత్రాలతో చేసిన భూగోళం, దాని మీద ఆకుపచ్చ చుక్కలు. ఒక్కో చుక్క ఒక్కో ఊరు. గోళాన్ని వేలితో తిప్పి ఒక చుక్కను మధ్యనున్న వలయంలోకి తెస్తే, ఆ ఊరి రేడియోలో ఆ క్షణంలో ఏది వస్తోందో అదే వినిపిస్తుంది. అక్కడివాళ్లు తమ కోసం పెట్టుకున్న పాట మన చెవిన పడుతుంది. కొన్నేళ్లుగా నేను దీన్ని వదలకపోవడానికి ఈ ఒక్క కారణం చాలు.

ఇది 2016 చివర్లో నెదర్లాండ్స్‌లో మొదలైంది. రేడియో సరిహద్దులు దాటి జనాన్ని ఎలా కలుపుతుందన్న పరిశోధనలో భాగంగా అక్కడి సౌండ్ అండ్ విజన్ సంస్థ చేయిస్తే, జొనాథన్ పకీ బృందం రూపకల్పన చేసింది. మొదట్లో సుమారు 8,000 స్టేషన్లు ఉండేవి. ఇప్పుడు 30,000 దాటాయి.

నాకు దీనివల్ల దక్కిన పెద్ద లాభం ఇథియోపియా సంగీతం. మనకు ఉదయం ఎనిమిదిన్నర అయినప్పుడు అడిస్ అబాబాలో ఆరవుతుంది. వంటింట్లో ఫోను పెట్టుకుని అక్కడి స్టేషన్ వినేవాణ్ని. భాష ఒక్క ముక్క అర్థం కాదు. ఒక ఉదయం ప్రసంగం ఆగి మసెంకో మొదలైంది. తోలు బిగించిన పలకల డొల్ల, గుర్రపు వెంట్రుకలతో పేనిన ఒకే ఒక్క తీగ, దాని మీద కమాను. ఆ ఒక్క తీగ మీద వాయించేవాడి వేళ్లు స్వరం నుంచి స్వరానికి జారుతుంటే మనిషి గొంతులాగే వినిపించింది. కాసేపటికి ఒక ఆడగొంతు అందుకుంది. వీణ నేర్పే మా అక్క పక్కగదిలోంచి వచ్చి నిలబడి, "ఇది మోహనం కదురా!" అంది. పాట పూర్తయ్యేదాకా తొడ మీద తాళం వేస్తూ విని, "స్వరాలు మోహనానివే. గమకం, నడక మాత్రం పూర్తిగా వాళ్లవి" అని తేల్చింది.

అక్క మాట నిజమే. ఇథియోపియా సంగీతంలో తిజిత, బతి, అంబాసెల్, అంచిహోయే అని నాలుగు ప్రధాన స్వరవరుసలున్నాయి. నాలుగూ అయిదేసి స్వరాలవే. వాటిలో తిజిత ప్రధాన రూపానికి మోహన రాగంలోని షడ్జమం, చతుశ్రుతి రిషభం, అంతర గాంధారం, పంచమం, చతుశ్రుతి ధైవతమే ఆధారం. మన చెవికి అవి ఇట్టే అంటుకోవడంలో ఆశ్చర్యం లేదు. అక్కడి నుంచి ఇథియోపియా సంగీతకారుడు ములాతు అస్తాత్కే జాజ్ దాకా, అడిస్‌లో 1960లు, 70లలో రికార్డయిన పాటలను 1997 నుంచి పారిస్‌లో ఫ్రాన్సిస్ ఫాల్సెటో సంపుటాలుగా తెచ్చిన ఎథియోపిక్స్ దాకా వెళ్లాను. 1974లో సైన్యం అధికారం చేజిక్కించుకున్నాక కర్ఫ్యూలతో అడిస్ రాత్రి కచేరీలు మూగబోయాయి. ఆ సంగతి తెలిశాక పాత రికార్డుల హుషారు మరింత విలువైనదిగా అనిపించింది.

పాటను ఇతరులతో పంచుకోవడానికి కూడా ఇది బాగుంది. ప్రతి స్టేషన్‌కూ ఒక లింకు ఉంటుంది. డాలస్‌లో ఉన్న స్నేహితుడికి పంపితే, కొన్ని సెకన్ల తేడాతో అతనూ అదే పాట వింటాడు. అయితే లింకుతోపాటు వేళ కూడా చెప్పాలి. సంగీతం వస్తుందని పంపితే, అవతలివాళ్లు తెరిచేసరికి అక్కడ వార్తలో పార్లమెంటు చర్చో నడుస్తుంటుంది. అందుకే మా మిత్రబృందంలో "ఇప్పుడే విను" అని రాసిన లింకుకే గిరాకీ. బ్రిటన్‌లో ఉన్న తెలుగువాళ్లకు మాత్రం ఒక హెచ్చరిక. సంగీత హక్కుల మీద అక్కడి కోర్టులు ఇచ్చిన తీర్పుల తర్వాత, 2022 నుంచి ఆ దేశంలో రేడియో గార్డెన్‌లో బ్రిటిష్ స్టేషన్లు మాత్రమే వినిపిస్తున్నాయి. అక్కడి బంధువులకు నేను పాట పేరు కనుక్కుని విడిగా పంపుతాను.

పాట పేరు కనుక్కోవడమే కష్టం. చాలా స్టేషన్లు దాన్ని చూపించవు. పాట విని పేరు చెప్పే షజామ్ యాప్ కొత్త పాటలను పట్టేస్తుంది కానీ, పాత ప్రాంతీయ రికార్డుల దగ్గర తరచుగా చేతులెత్తేస్తుంది. ఇది ప్రత్యక్ష ప్రసారం కాబట్టి వెనక్కి తిప్పే వీలు లేదు. చిన్న స్టేషన్లు ఉన్నట్టుండి ఆగిపోతాయి కూడా. పసిఫిక్ దీవుల్లోని ఒకటి నాకు ప్రాణం. ఒకరోజు నుంచి దాని చుక్క దగ్గర ఏ చప్పుడూ లేదు. బాధేసింది. డేటా ఖర్చు తక్కువే: 128 కేబీపీఎస్ ప్రసారమైతే గంటకు సుమారు 58 ఎంబీ. యాప్ ఉచితమే, ప్రకటనలు వస్తాయి.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు చేసే పని రాజధాని నగరంలో పేరున్న ఎఫ్ఎంను తెరవడం. లిస్బన్‌లోనైనా మనీలాలోనైనా అలాంటిచోట వినిపించేది దాదాపు ఒకే అమెరికన్ పాప్. చిన్న ఊళ్లు, ప్రభుత్వ రేడియోలు, విశ్వవిద్యాలయాల స్టేషన్లు, సముదాయ రేడియోలు చూడండి. రాత్రి పదికి అట్లాంటిక్‌లోని కేప్ వెర్డ్ దీవులకు వెళ్లి, మిండెలో ఊరి చుక్క మీద ఆగండి. అక్కడ మధ్యాహ్నం మూడున్నర. గాయని సెజారియా ఎవోరా ఊరు అది. ఆ దీవుల సంప్రదాయ గీతమైన మోర్నా పాటను ప్రపంచానికి పరిచయం చేసిన ఆమె 2011లో పోయారు. 2019లో యునెస్కో ఆ పాటను మానవాళి అమూర్త వారసత్వ జాబితాలో చేర్చింది. మోర్నా దొరక్కపోతే అదే సంప్రదాయంలో కాస్త వేగంగా నడిచే కొలదెయిరా దొరకవచ్చు, అదీ బాగుంటుంది. ఒక స్టేషన్ నచ్చితే గుండె గుర్తు నొక్కి ఇష్టమైనవాటిలో దాచుకుని, మర్నాడు వేరే వేళకు మళ్లీ తెరవండి. స్టేషన్ స్వభావం ఒక్క పూటలో తెలియదు.